కొట్టేసిన అక్షం

ఏటా డిసెంబరు మొదటి వారానికి నేను దీర్ఘవృత్తం దగ్గరికి చేరతాను. దానికి పదిహేను రోజులు. తరువాత అతిపరావలయం, దానికి ఎన్ని రోజులు మిగిలితే అన్ని. సాధారణంగా ఏమీ మిగలవు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు తెలుగు మీడియంలో లెక్కలు చెప్పే ఉద్యోగం నాది. ఉండేది కరీంనగర్‌లో. చొప్పదండి దాటాక ఒక చిన్న ఊళ్లో ఉన్న సర్కారు జూనియర్ కాలేజీకి రోజూ బస్సులో పోయి వస్తాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అవే అధ్యాయాలు, అవే లెక్కలు. పిల్లలు మాత్రం ఏటా కొత్తవాళ్లు. వాళ్ల వయసు పెరగదు, నాదే పెరుగుతుంది. ఈ బేరంలో ఎక్కడో మోసం ఉందని నాకు చాలా రోజులుగా అనుమానం.

మొదట్లో నేను ఇట్లా లేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆదిలాబాద్ వైపు, ఉట్నూరు దగ్గర ఒక కాలేజీలో వేశారు. అక్కడ గదులు తక్కువ, బయట జాగా ఎక్కువ. దీర్ఘవృత్తం మొదలుపెట్టే రోజు పిల్లలను మైదానంలోకి తీసుకుపోయి నేలలో రెండు మేకులు దిగగొట్టేవాణ్ని. రెండింటికీ కలిపి ఒక తాడు, కొంచెం వదులుగా. ఆ తాడును ఒక పుల్లతో బిగువుగా లాగిపట్టి చుట్టూ తిరిగితే నేల మీద ఒక సాగిన సున్నా పడుతుంది. పిల్లలు కోడిగుడ్డు అనేవాళ్లు. కోడిగుడ్డుకు ఒక కొస సన్నం, దీనికి రెండు కొసలూ ఒకటే అని నేను సరిదిద్దేవాణ్ని. సరిదిద్దడం అంటే అప్పట్లో నాకు మహా సరదా.

ఆ మేకులు రెండే నాభులు. రెండింటినీ ఒక్కచోటికి తెస్తే వృత్తం పడుతుంది. తాడు మార్చకుండా మేకులను దూరం జరిపినకొద్దీ గీత సన్నబడుతూ చివరికి నేల మీద పడుకుంటుంది. నాభి కేంద్రం నుంచి ఎంత దూరం తొలగిందో, ఆ దూరానికీ సగం పొడవుకూ ఉన్న నిష్పత్తే ఉత్కేంద్రత. సున్నా దగ్గర గుండ్రం, ఒకటికి దగ్గరపడితే బక్కచిక్కుతుంది. ఇంత పెద్ద పేరు పెట్టారు గాని సంగతి ఇంతే. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే ఆ పిల్లలకు పుస్తకంలోని మాటకు నోరు తిరిగేది కాదు. కాని నేను మేకు జరపకముందే గీత ఎటు సాగుతుందో వేలు పెట్టి చూపించేవాళ్లు. మేకులు తూర్పు పడమరలుగా ఉంటే అటు, ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఇటు. అక్షం ఎటుందన్న సందేహమే వచ్చేది కాదు, కాళ్ల ముందే ఉండేది.

అతిపరావలయానికి మాత్రం నా దగ్గర ఇట్లాంటి తాడు ఆట లేదు. లోకంలో ఎక్కడో ఉండే ఉంటుంది, నేను వెతకలేదు. రెండు ముక్కలుగా విడిపోయి, ఒకదానికొకటి వీపు చూపించుకుని, చెరో దిక్కుకు పోయే వక్రం అది. దానికి నల్లబల్ల మీద సుద్దముక్కే దిక్కు.

కరీంనగర్ వైపు బదిలీ అయ్యాక మేకులూ పోయాయి, తాడూ పోయింది. సిలబస్ పెద్దది, పనిదినాలు తక్కువ, పిల్లలను పాస్ చేయించకుంటే పైనుంచి సంజాయిషీ. అప్పుడు ఒక చిట్కా కనిపెట్టాను. సమీకరణంలో ఎక్స్ వర్గం కింద ఒక సంఖ్య, వై వర్గం కింద ఒక సంఖ్య ఉంటాయి కదా. 'ఎవరి కింద పెద్దదుంటే వాడే దొర' అని చెప్పేవాణ్ని. ఎక్స్ కింద పెద్దదుంటే దీర్ఘాక్షం అడ్డంగా ఉంటుంది, వై కింద పెద్దదుంటే నిలువుగా. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. దొర అన్న మాటకు ఈ నేల మీద తాతల నాటి కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది, అందుకని మరిచిపోయేవాళ్లు కాదు. పాత విద్యార్థులు బస్టాండ్‌లో కనబడితే నమస్తే కన్నా ముందు "సార్, గిప్పుడు దొరెవడు?" అని అడిగేవాళ్లు. ఇరవై ఎనిమిదేళ్లలో నేను సంపాదించిన కీర్తి అదొక్కటే.

ఈ చిట్కా దీర్ఘవృత్తానికి అతికినట్టు సరిపోతుంది. అతిపరావలయానికి పనికిరాదు. అక్కడ రెండు పదాల మధ్య మైనస్ ఉంటుంది. ప్లస్ ఎవరి ముందు ఉంటే ఆ దిక్కుకే వక్రం తెరుచుకుంటుంది, కింద సంఖ్య చిన్నదైనా పెద్దదైనా సరే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తరువాత నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

మూడేళ్ల కిందటి మాట. ఆ ఏడు జనవరిలో మమ్మల్ని ఒక సర్వే డ్యూటీకి వేశారు. ఇల్లిల్లూ తిరిగి, కుక్కలతో కరిపించుకోకుండా తప్పించుకుని, కాగితాలు నింపి వచ్చేసరికి ప్రాక్టికల్స్ నెత్తి మీదికి వచ్చాయి. అతిపరావలయానికి నాకు మిగిలింది రెండు పీరియడ్లు. మోకాళ్లు నొప్పి, గొంతు బొంగురు, మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. గదిలో పదకొండు మంది పిల్లలు. బోర్డు మీద ఎక్స్ వర్గం కింద తొమ్మిది, వై వర్గం కింద పదహారు రాసి, మధ్యలో మైనస్ పెట్టి, అవతల ఒకటి వేశాను.

"దీర్ఘవృత్తం వచ్చు గద మీకు? గిది గూడ గదే. నడుమ మైనస్ ఒక్కటే ఫరక్. పదహారు పెద్దది, వై దొర, అక్షం నిలువు" అన్నాను. అలవాటైన మాట బుర్రను అడగకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఉత్కేంద్రత అయిదు బై నాలుగు అని కట్టేసి కింద గీత గీశాను.

మూడో బల్ల మీది అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ల నాన్న పవర్‌లూమ్ మీద కూలికి నేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. పిల్ల లెక్కల్లో అంతంతమాత్రం. కలనగణితం అంటే బెదిరిపోతుంది. కాని బొమ్మ గీయగలిగిన లెక్క అయితే పట్టిన పట్టు విడవదు. సంవత్సరమంతా ఆమె గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప నేను వినలేదు.

"సార్, ఎక్స్‌ను సున్నా చేస్తే అవతల మైనస్ వస్తుంది గద సార్. వర్గం మైనస్ ఎట్లయితది? గీ వక్రం వై గీతను తాకనే తాకదు సార్. మరి అక్షం నిలువు ఎట్లయితది?"

నూటికి నూరు పాళ్లు ఆమెదే రైటు. అంతకన్నా తేటగా ఆ ముక్కను నేనెప్పుడూ చెప్పలేదు. కాని నాకు ఆ క్షణంలో ఆమె అన్నది వినబడలేదు. ఎవరో అడ్డం వచ్చారన్నదే వినబడింది.

"కూసో. దీర్ఘవృత్తంల ఎట్ల చేసినమో గిదీ గట్లనే. గివన్ని అడిగే టైమ్ కాదిది. రాసుకో" అని కసిరాను. ఆమె కూర్చుని రాసుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నాకన్నా నయం, వాడు కనీసం కుందేలును పట్టాడు.

ఆ సాయంత్రం బస్సులో చొప్పదండి దగ్గర సీటు దొరికింది. కూర్చోగానే ఆ పిల్ల మాట గుర్తొచ్చింది. ఎక్స్ సున్నా అయితే అవతల మైనస్. కాగితం మీద వేసి చూడాల్సినంత లెక్క కూడా కాదు.

నన్ను ఇంకా కుంగదీసింది ఏమిటంటే, బోర్డు నిండా రాస్తూ కూడా ఆ తప్పు నా కంటపడకపోవడం. దీర్ఘవృత్తంలో అక్షం తారుమారు చేశారనుకోండి, ఉత్కేంద్రత కట్టేటప్పుడు వర్గమూలం కింద మైనస్ వచ్చి కూర్చుంటుంది. లెక్క ముందుకు కదలదు. తప్పు దానంతట అదే అరుస్తుంది. అతిపరావలయంలో ఆ చోట తీసివేత ఉండదు, కూడికే. తొమ్మిదీ పదహారూ ఎటు కూడినా ఇరవై అయిదే, దాని వర్గమూలం అయిదే. సరైన జవాబు అయిదు బై మూడు, నేను చెప్పింది అయిదు బై నాలుగు. అతిపరావలయానికి ఉత్కేంద్రత ఒకటి కన్నా ఎక్కువ ఉండాలి, రెండూ ఎక్కువే ఉన్నాయి. తప్పు జవాబు శుభ్రంగా తల దువ్వుకుని వచ్చి మంచి పిల్లవాడిలా కూర్చుంది. ఎవరు లేపుతారు దాన్ని? లేపిన ఒక్క పిల్లను నేనే కూర్చోబెట్టాను.

రేపు పొద్దున పోగానే మొదట ఇదే సరిచేయాలి అనుకున్నాను. మర్నాడు ట్రైనింగ్. ఆ తరువాత ప్రాక్టికల్స్. తరువాత పాత ప్రశ్నపత్రాలు చేయించడం. సరిచేయడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషం దొరకలేదని చెబితే మీరు నమ్ముతారేమో గాని నేను నమ్మను. చాలాసార్లు దొరికింది. గదిలోకి పోయేవాణ్ని, మూడో బల్ల మీద ఆ పిల్ల కనబడేది, సిగ్గేసేది. మొన్న కసిరి కూర్చోబెట్టి, ఇవాళ నువ్వన్నదే నిజం బిడ్డా అని పదకొండు మంది ముందు ఎట్లా అనాలి? గైడ్లలో సరిగ్గానే ఉంటుందిలే, చూసుకుంటారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మిగతా పదిమంది అట్లాగే గైడ్లు చూసుకుని గట్టెక్కారు. గైడ్ కొనుక్కోలేనిది ఈ పిల్ల ఒక్కతే. ఆమెకు నా నోరే గైడు.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. ఆమె అన్నింట్లో పాసై, నేను చెప్పే లెక్కల పేపర్ ఒక్కదాంట్లో రెండు మార్కులతో తప్పింది. ఇంటి దగ్గర ఫైసలా కూడా అయిపోయిందని విన్నాను. నెల రోజుల్లో వచ్చే సప్లిమెంటరీలో గట్టెక్కితే డిగ్రీకి పోతుంది, లేకుంటే అమ్మ పక్కన బీడీల చాట ముందు కూర్చుంటుంది. ఏ ప్రశ్నలో పోయిందో చూద్దామని నేనే జవాబు పత్రం కాపీకి దరఖాస్తు పెట్టించాను. ఏం చూడబోతున్నానో నాకు లోలోపల తెలుసు. అయినా చూడాలనిపించింది.

కాపీ వచ్చిన రోజు వాళ్ల నాన్న దాన్ని కాలేజీకి పట్టుకొచ్చాడు. మార్కులు పోయింది అతిపరావలయం మీది నాలుగు మార్కుల ప్రశ్నలో. బోర్డు మీద నేను చేసిన లెక్కే ఇంచుమించు, సంఖ్యలు కూడా అవే. ఆమె మొదట సరిగ్గా చేసింది. ఎక్స్‌ను సున్నా చేసి చూసి, వక్రం వై అక్షాన్ని తాకదు అని ఒక వాక్యం రాసి, బొమ్మ గీసి, అడ్డం అక్షం తీసుకుని, అయిదు బై మూడు అని తేల్చింది. అంతా పూర్తయ్యాక ఆ సగం పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత గీసి కొట్టేసింది. ఆ గీత కూడా స్కేలు పెట్టి నీటుగా కొట్టింది. దాని కింద మళ్లీ మొదటి నుంచి రాసింది. పదహారు పెద్దది, అక్షం నిలువు, అయిదు బై నాలుగు. కొట్టేసినదాన్ని దిద్దేవాళ్లు పట్టించుకోరు. కింద ఉన్నదానికి ఒక మార్కు వేశారు.

స్పాట్ వాల్యుయేషన్‌లో నేను దిద్దిన పేపర్లు లెక్కలేనన్ని. సరైనది కొట్టేసి తప్పు రాసిన పేపర్లు ఎన్నో చూశాను, పక్కాయనకు చూపించి నవ్వాను కూడా. చేతికందిన ముద్దను పారేసుకున్నారని జోకులు వేసుకునేవాళ్లం. ఎవరి మాట విని కొట్టేశారో ఎన్నడూ ఆలోచించలేదు.

రెండు రోజుల తరువాత వాళ్ల ఇంటికి పోయాను. రెండు గదుల రేకుల ఇల్లు, పక్కనే సాంచాల షెడ్డు. ఇక్కడివాళ్లు పవర్‌లూములను సాంచాలు అంటారు. ఆ చప్పుడులో మాట మాట్లాడాలంటే అరవాలి. వాళ్లమ్మ వాకిట్లో తునికాకు కత్తిరిస్తోంది. నాన్న షిఫ్టు దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి హడావుడిగా కుర్చీ వేశారు. నేను చెప్పాల్సింది బస్సులో పదిసార్లు అనుకుని పోయాను. కూర్చోగానే అనేశాను.

"బిడ్డ తప్పు లేదు. నేనే తప్పు చెప్పిన. నేను చెప్పినట్టు రాసింది, గందుకే మార్కులు పోయినయ్."

వాళ్లమ్మ కత్తెర ఆపింది. "ఏం మాటలు సార్! సార్లు ఎక్కడన్న తప్పు చెప్తరా? పిల్లే సరిగ్గ ఇనలే, ఏదో రాసి పెట్టింది" అంది.

"సార్ మంచోడు గావట్టి పిల్ల తప్పును మీదేస్కుంటుండు" అని వాళ్ల నాన్న ఆమెతో అని, నావైపు తిరిగి "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మల్ల రాస్తది" అని నన్నే ఓదార్చాడు.

ఇంకొకసారి చెప్పాను. ఇంకా పెద్ద మనసున్నవాణ్ని అయిపోయాను. తప్పు ఒప్పుకుంటుంటే చేతులు జోడించేవాళ్లతో ఎట్లా వేగడం? నేను చెప్పింది నిజమని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆమె గుమ్మం పక్కన నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటోంది.

సప్లిమెంటరీ దాకా దినం తప్పించి దినం వచ్చి చెబుతానన్నాను. ఎండాకాలం సెలవులు, మధ్యాహ్నం బస్సులు, రేకుల కింద కుంపటిలాంటి వేడి. నా వయసుకు అది చేసే పని కాదని ఇంట్లో మా ఆవిడ అంది. నిజమే. మూడో రోజుకే పడుకుంటే లేవబుద్ధి కాలేదు. అయినా పోయాను.

మొదటి వారం అంతా అక్షాల మీదే కూర్చున్నాం. దొర మాట మరిచిపొమ్మన్నాను. ఎవరిది పెద్దదని చూడొద్దు, ఎక్స్‌కు ఒకసారి, వైకి ఒకసారి సున్నా పెట్టి వక్రాన్నే అడుగు, ఏ అక్షాన్ని తాకుతుందో అదే దాని అక్షం అన్నాను. అది ఆమె జనవరిలోనే చెప్పిన సంగతి. నేను పాఠం చెబుతున్నట్టు చెప్పాను, ఆమె కొత్తగా వింటున్నట్టు తల ఊపింది. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

ఒకరోజు వాళ్ల నాన్న పక్కన కూర్చుని నూనె చేతులు తుడుచుకుంటూ వింటున్నాడు. ఉన్నట్టుండి ఆ తుడుచుకునే గుడ్డముక్కను నా ముందు పరిచాడు.

"సార్, ఏమనుకోకపోతే ఒకటి అడుగుత. దీంట్ల పడుగెటు, పేకెటు?"

మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు పడుగు, వాటి మధ్యకు అడ్డంగా నేసేవి పేక. అంతవరకు నాకూ తెలుసు. ముక్క ఒకవైపు మూరెడు, ఒకవైపు జానెడు ఉంది. మూరెడు ఉన్న దిక్కు చూపించి ఇదే పడుగు అన్నాను.

ఆయన నవ్వాడు. "గట్ల కాదు సార్. చింపినోడు ఎటు ఎక్కువ చింపితే గటు ఎక్కువుంటది. పడుగుకు దాంతోటి ఏం పని? అంచుంటే అంచు వెంబడి పోయేదే పడుగు. అంచు లేకుంటే గిట్ల గుంజి సూడాలె." రెండు చేతులతో అటొకసారి, ఇటొకసారి గుంజి నా చేతికిచ్చాడు. "సూడుండ్రి, గీ మూరెడు దిక్కు జర సాగుతుంది. గీ జానెడు దిక్కు సాగుత లేదు. గిదే పడుగు. సాంచ మీద బిగిచ్చింది గిదే గద."

గుంజి చూశాను. ఆయన చెప్పిందే నిజం. పెద్దగా ఉన్నదే అసలుదని అనుకునే రోగం నాకు లెక్కల్లోనే కాదు, అన్నిట్లోనూ ఉందని ఆ పూట తెలిసింది. పిల్ల ఫక్కున నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"బాపూ, సార్ చెప్పేది గూడ గదే. సున్నా పెట్టుడంటే గుంజి సూసుడే" అంది.

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఈ పిల్లకు ఢోకా లేదనుకున్నాను. తొందరపడి అనుకున్నాను.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఒక అతిపరావలయం ఇచ్చాను. ఈసారి ప్లస్ వైకి ఉంది, పెద్ద సంఖ్య ఎక్స్ కింద ఉంది. సున్నా పెట్టి చూసుకుని, అక్షం నిలువని తేల్చి, జవాబు దాకా తప్పు లేకుండా చేసింది. చూడగానే నాకొక దుర్బుద్ధి పుట్టింది. మొహం గంటు పెట్టుకుని, "గిదేంది? పెద్దది ఎక్స్ కింద ఉన్నది గద, అక్షం అడ్డం రావాలె" అన్నాను.

ఆమె ఒక్క క్షణం లెక్క వైపు చూసింది. నా మొహం వైపు చూసింది. తరువాత స్కేలు తీసింది. సగం పేజీ మీద ఆ మూల నుంచి ఈ మూలకు పెట్టి పెన్సిల్ ఆనించింది.

"ఆగు" అని అరిచాను. సాంచాల చప్పుడులోనూ వాళ్లమ్మ ఉలిక్కిపడేంత గట్టిగా అరిచాను. "ఎందుకు కొట్టేస్తున్నవ్?"

"మీరు తప్పన్నరు గద సార్."

"నువ్వు చేసింది రైటా, తప్పా?"

"రైటే సార్."

"మరి?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు. ఒకటో తరగతి నుంచి ఈ పిల్లకు కూసో, రాసుకో అని చెబుతూ వచ్చిన మా అందరి మీద. నిన్ను పరీక్షించడానికి కావాలనే తప్పు చెప్పాను అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. కాసేపు స్కేలును అటూ ఇటూ తిప్పి, మెల్లగా అడిగింది.

"జనవరిల గూడ గిట్లనే పరీక్ష పెట్టిండ్రా సార్?"

అవునంటే అయిపోయేది. పిల్ల నాకోసం దారి తీసి పెట్టి నిలబడింది. వాళ్ల అమ్మానాన్నల దగ్గర నేను ఎట్లాగూ మంచోణ్నే, ఈమె దగ్గర కూడా అయ్యేవాణ్ని. నోటి దాకా వచ్చింది కూడా. ఎందుకో ఆ పూట అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

"లేదు బిడ్డా. గప్పుడు నిజంగనే తప్పు చెప్పిన. నువ్వు అడిగింది రైటు. గా సాయంత్రం బస్సులనే తెల్సింది నాకు. సిగ్గయి చెప్పలే."

"గా సాయంత్రమే తెల్సిందా సార్?"

"తెల్సింది."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. జనవరి నుంచి మార్చి దాకా నేను ఆమె ముందు నిలబడిన రోజులే అయి ఉంటాయి. కళ్లు తడి అయ్యాయి గాని ఏడవలేదు. పుస్తకం పేజీ తిప్పి, తరువాతి లెక్క ఇవ్వమంది. ఇచ్చాను. వాళ్లమ్మ చాయ్ పెట్టి తెచ్చింది. ఆ రోజు మేము మళ్లీ లెక్క తప్ప వేరే మాట మాట్లాడలేదు. తరువాత పోవాల్సిన రోజు వస్తే, ఇక అవసరం లేదు సార్, నేను చదువుకుంటున్న అని వాళ్ల నాన్న ఫోన్ నుంచి ఆమే చెప్పింది.

సప్లిమెంటరీ అయిపోయింది. ఫలితాల్లో ఆమె నంబరు నేనే వెతికాను. పాసయింది. పాస్ మార్కుల కన్నా చాలా ఎక్కువే వచ్చాయి. వారం తరువాత టీసీ తీసుకోవడానికి ఒక్కతే కాలేజీకి వచ్చింది. కరీంనగర్‌లో డిగ్రీకి పెట్టుకున్నానంది. ఆఫీసులో సంతకాలు అయ్యేదాకా వరండాలో నిలబడ్డాం.

"అతిపరావలయం వచ్చిందా?" అని అడిగాను. లెక్కల సారుకు అంతకు మించి పలకరింపు ఏం చేతనవుతుంది?

"వచ్చింది సార్. చేసిన."

"అక్షం ఎట్ల చూసినవ్? నేను చెప్పింది యాదికొచ్చిందా?"

"మీరు చెప్పినయ్ రెండూ యాదికొచ్చినయ్ సార్." నా కళ్లలోకి చూసింది. "కని నమ్మలే. నేనే సున్నా పెట్టి సూసుకున్న."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో, కోపమూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె నేర్చుకోవాలని నేను ఎండల్లో తిరిగింది సరిగ్గా దీని కోసమే, అదే ఆమె నేర్చుకుంది. అయినా ఎక్కడో బాగా లోపల తగిలింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక విద్యార్థి నా మొహం మీద మిమ్మల్ని నమ్మలేదు అనడం అదే మొదటిసారి.

"మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు కాసేపు పట్టింది. ఆమె నేను అనేదాకా అక్కడే నిలబడింది.